అమ్మ క్యాప్సూల్స్ తెప్పించమంది: మెదడులో కొత్త కణాలు నిజంగా పుడతాయా?

మాది ఇబ్రహీంపట్నం. పోయిన నెల మా అమ్మ ఫోన్‌లో ఒక యాడ్ చూపించి, "బిడ్డా, ఇవి మింగితే మెదడుల కొత్త కణాలు పుడతయంట, తెప్పిస్తవా?" అంది. డబ్బా రెండు వేలు. ఈ మధ్య స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోతోంది. లోపల భయపడుతోంది, పైకి చెప్పట్లేదు.

నాది బీటెక్, బయాలజీ టెన్త్‌తోనే వదిలేశా. అందుకే కూర్చుని చదివా.

పుట్టుకతో వచ్చిన న్యూరాన్లే, పోతే మళ్ళీ రావు అని చాలాకాలం నమ్మారు. 1960ల్లో జోసెఫ్ ఆల్ట్‌మన్ పెద్ద ఎలుకల మెదడులో కొత్తవి చూపించాడు, పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1998లో మనుషుల్లోనూ కనిపించాయి, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో. 2013లో స్వీడన్ వాళ్ళు చేసింది నాకు పిచ్చిగా నచ్చింది. అణుబాంబు పరీక్షల వల్ల గాల్లో పెరిగిన కార్బన్-14 మన డీఎన్ఏలోకి చేరుతుంది కదా, దాన్ని బట్టి కణం ఎప్పుడు పుట్టిందో లెక్కగట్టారు. ఫైల్‌కి క్రియేటెడ్ డేట్ లాగా! ఒక్కో హిప్పోక్యాంపస్‌లో రోజుకు సుమారు 700 అని తేల్చారు.

నా పాత వీడియోలో ఈ 700నే ఫైనల్ అన్నట్టు చెప్పేశా. తప్పు నాదే. 2018లో ఒక టీమ్ పెద్దవాళ్ళలో కొత్తవి దాదాపు లేవంది, నెల తిరక్కుండా ఇంకో టీమ్ 79 ఏళ్ళ వాళ్ళలోనూ ఉన్నాయంది. 2025లో వాటిని పుట్టించే తల్లి కణాలు పెద్దవాళ్ళలో దొరికాయి, కానీ కొందరిలో బాగా, కొందరిలో దాదాపు లేవు.

మరి పెంచొచ్చా? చక్రం మీద పరిగెత్తిన చిట్టెలుకల్లో పెరిగాయి, 1999లోనే చూశారు. మనుషుల్లో అయితే 2011లో 120 మంది పెద్దవాళ్ళ మీద స్టడీ చేశారు. వారానికి మూడు రోజులు, 40 నిమిషాల నడకదాకా వెళ్ళినవాళ్ళకు ఏడాదిలో హిప్పోక్యాంపస్ సైజు 2 శాతం పెరిగింది. సైజు అన్నా, కొత్త న్యూరాన్లు అనలేదు, గమనించండి. ఇక మనుషుల్లో న్యూరాన్లు పుట్టిస్తుందని నిరూపించిన క్యాప్సూల్ ఒక్కటీ లేదు.

డబ్బా కొనలేదు. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళా. మతిమరుపుకు బీ12 లోపం, థైరాయిడ్ కూడా కారణం కావచ్చట. టెస్ట్ చేస్తే అమ్మకు బీ12 బాగా తక్కువుంది. ఇప్పుడు మందు వాడుతోంది, సాయంత్రం ఇద్దరం పెద్ద చెరువు కట్ట మీద నడుస్తున్నాం. నాకంటే ఆమే స్పీడు.

నిన్న సగం దూరం పోయాక టక్కున ఆగి, "పాలు దించిన్నా?" అంది. ఇంటికి ఫోన్ చేశాం. దించే ఉన్నాయి.