ఖరాదు మీద కొత్త టూల్ పోస్ట్
(మన సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి, ఆరోగ్యం గురించి పెద్దలు మాట్లాడారు. నన్ను మాత్రం "మీకు తెలిసిన పని గురించే చెప్పండి" అన్నారు. నాకు తెలిసింది ఖరాదు పని, అంటే లేతు మిషను పని.

తార్నాకవాళ్లకు ఇది పరాయి సంగతి కాదు. పక్కనే ఉన్న ఉస్మానియాలో 1929లో ఇంజనీరింగు కళాశాల మొదలైంది. ఆ రోజుల్లో అక్కడ ఈ విద్యను ఉర్దూలోనే బోధించారు. ఇటు లాలాగూడలో నిజాం కాలం నాటి రైల్వే వర్క్‌షాపు ఉంది. సికింద్రాబాదులో 1943లో ప్రాగా టూల్స్ వెలిసింది. ఇలాంటి చోట్ల పని నేర్చిన చేతులు మన ఇళ్లలోనూ ఉన్నాయి.

ఇప్పుడు మన కుర్రవాళ్లు సొంత షెడ్లు పెట్టుకుంటున్నారు. పాత లేతుకు క్విక్ చేంజ్ టూల్ పోస్ట్ బిగించాలని ముచ్చటపడుతున్నారు. మంచిదే. పాత నాలుగు పలకల పోస్ట్‌లో టూల్ మార్చినప్పుడల్లా కింద రేకు ముక్కలు పేర్చి ఎత్తు సరిచూసుకోవాలి. కొత్తదానిలో ఒక్కో టూల్‌కు ఒక్కో హోల్డర్ ఉంటుంది. ఎత్తు ఒకసారి కుదిర్చితే చాలు, తీసి పెట్టినా మళ్లీ దాదాపు అక్కడికే వస్తుంది. రోజుకు పది రకాల చిల్లర పనులు చేసేవాడికి ఇది పెద్ద ఆదా. ఒకే పని వందల లెక్కన చేసేవాడికి అంత తేడా ఉండదు.

కొనబోయే ముందు ఒక కొలత తీసుకోండి. కాంపౌండ్ స్లయిడ్ పైభాగం నుంచి స్పిండిల్ కేంద్రం దాకా ఎంత ఎత్తుందో చూడండి. అది 28 మిల్లీమీటర్లు, మీ టూల్ మందం 16 అనుకోండి. అప్పుడు హోల్డర్‌లో టూల్ కూర్చునే అడుగు 12 మిల్లీమీటర్లకు దిగాలి. దిగకపోతే ఆ పోస్ట్ మీ మిషనుకు పనికిరాదు, ఎంత చవగ్గా వచ్చినా సరే.

ఇక బిగింపు. నేను ముఖ్యంగా చెప్పవచ్చింది ఇదే.

నాకు తెలిసిన ఒక అబ్బాయి, అన్న గల్ఫ్ నుంచి పంపిన డబ్బుతో లేతు కొన్నాడు. కొత్త పోస్ట్ పెట్టిన రోజు, పని చేస్తుంటే అది కదులుతోందని నన్ను అడిగాడు. "బాగా బిగించు బేటా" అన్నాను. వాడు పానాకు పైపు తొడిగి బిగించాడు. స్టడ్ కొన టీ-నట్ అడుగు దాటి స్లాట్ నేలకు ఆనుకుని ఉంది. తిప్పినకొద్దీ స్టడ్ నేలను నొక్కింది, టీ-నట్ పైకి లేచి స్లాట్ పెదవులను ఎత్తింది. పోత ఇనుము వంగదు గదా, పగిలింది. వాడి చేతిలో తప్పు లేదు. బిగించమన్నవాణ్ణి నేను, నట్ తీసి చూడమని చెప్పనివాణ్ణీ నేనే. స్లయిడ్ దొరికేదాకా రెండు నెలలు ఆ షెడ్డు మూతబడింది.

కాబట్టి వినండి. ముందు మెయిన్ ఆపండి. పాత పోస్ట్ తీసి స్లయిడ్ ముఖం తుడిచి, గరుకులుంటే సన్నని ఆకురాయితో తీసేయండి. కొత్త పోస్ట్‌తో వచ్చే టీ-నట్ తరచు పెద్దదిగా ఉంటుంది, దాన్ని మీ స్లాట్‌కు తగ్గట్టు మిల్లింగ్ చేసుకోవాలి. చేత్తో తోస్తే జారాలి, ఊగకూడదు. దాని తల స్లయిడ్ ముఖం కంటే కాస్త కిందనే ఉండాలి. పైకి పొడుచుకొస్తే పోస్ట్ స్లయిడ్ మీద కాక నట్ మీద కూర్చుంటుంది. అడుగున చివరి మరను దెబ్బ కొట్టి మూసేస్తే స్టడ్ కిందికి దిగదు. స్లాట్ లేక మధ్యలో స్టడ్ మాత్రమే ఉన్న మిషన్లకైతే పోస్ట్ రంధ్రానికీ స్టడ్‌కూ సరిపడే బుష్ చేసుకోవాలి. పానా పిడి చాలు, పైపు అక్కర్లేదు.

తర్వాత టూల్ మొనను టెయిల్‌స్టాక్ సెంటర్ మొనకు సరిచూడండి. మరో పరీక్ష ఉంది. మిషను ఆపి, గుండ్రని కడ్డీకీ టూల్ మొనకూ మధ్య సన్నని ఉక్కు స్కేలు మెల్లగా నొక్కండి. నిటారుగా నిలిస్తే ఎత్తు సరి. స్కేలు పైకొన మీవైపు వాలితే టూల్ కిందికుంది, అవతలికి వాలితే పైకుంది. సరిపోయాక హోల్డర్ ఎత్తు మరను లాక్ చేయండి.

పాత పోస్ట్‌ను అమ్మేయకండి. బరువైన కోతకు అది ఇప్పటికీ గట్టిది.

ఆఖరుగా ఒక మనవి. పని నుంచి రిటైరైన చాచాలు మన సంస్థలో ఉన్నారు. కొత్త పరికరం బిగించే రోజున వారిలో ఒకరిని పిలవండి. పెద్దలారా, మీరూ వెళ్లండి. నాలా వాకిట్లో నిలబడి సలహా చెప్పి రాకండి, నట్ తీయించి కళ్లారా చూడండి. ఆ మిషను మీద ఒక ఇంటి రోజీ ఆధారపడి ఉంది.