ఉద్యోగం పోయిన వారంలో 401కె జోలికి వెళ్ళకండి

నేను ఆడిటర్ని కాను, సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుని. కాకపోతే ప్రాజెక్టు అయిపోయిందని కబురొచ్చిన మన కుర్రాళ్ళు నాకు ఫోన్ చేసి ముందుగా అడిగేది ఇదే. "అన్నా, ఇండియా వెళ్ళిపోతున్నా. 401కెలో ఉన్నది తీసేసుకోనా? ఎలాగూ 20 శాతం పన్ను పట్టుకునే ఇస్తారటగా!"

ఆ 20 శాతం మొత్తం పన్ను కాదండీ, ముందుగా పట్టుకునే అడ్వాన్సు మాత్రమే. లెక్క చూద్దాం. ఖాతాలో 40,000 డాలర్లున్నాయి. 8,000 పట్టుకుని 32,000 చేతికిస్తారు. కానీ ఆ ఏడాది మీ జీతం మీద ఈ 40,000 మొత్తం ఆదాయంగా చేరుతుంది. అదంతా 22 శాతం శ్లాబులో పడిందనుకోండి, 8,800. వయసు యాభై తొమ్మిదిన్నర నిండలేదు కనక 10 శాతం జరిమానా, ఇంకో 4,000. వెరసి 12,800. అంటే రిటర్ను వేసేనాటికి ఇంకా 4,800 బాకీ. రాష్ట్రం పన్ను వేరే. టెక్సాస్ వాళ్ళకి ఆ బాధ లేదు గానీ, కాలిఫోర్నియాలో పన్నుతోపాటు మరో 2.5 శాతం జరిమానా కూడా ఉంది. అప్పటికి మనవాడు హైదరాబాదులో ఉంటాడు, ఆ 32,000 ఫ్లాటు అడ్వాన్సు కింద వెళ్ళిపోయి ఉంటుంది!

"తీసుకుని, మళ్ళీ ఐఆర్ఏలో వేసేస్తాను" అంటారు కొందరు. దానికి 60 రోజుల గడువుంది. హెచ్-1బీ వాళ్ళకి ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చేదీ గరిష్ఠంగా 60 రోజులే. రెండు అరవైలూ ఒకేసారి నెత్తిన పడతాయి. పైగా 32,000 తిరిగి వేస్తే చాలదు, పట్టుకున్న 8,000 కూడా జేబులోంచి కలపాలి. కలపకపోతే ఆ 8,000కి పన్నూ, జరిమానా తప్పవు. జీతం లేనివాడు ఎక్కణ్ణించి తెస్తాడు చెప్పండి? అందుకే చెక్కు మీ చేతికి తీసుకోకండి. మామూలు 401కె నుంచి మామూలు ఐఆర్ఏకి నేరుగా బదిలీ చేయించుకుంటే ఒక్క సెంటు కూడా పట్టుకోరు.

అసలు కదపకపోయినా ఫరవాలేదు. 7,000 డాలర్లు దాటిన ఖాతాని రిటైర్మెంటు వయసుకి ముందు మీ సమ్మతి లేకుండా ఖాళీ చేయించలేరు. దేశం వదిలినంత మాత్రాన ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

యాభై దాటిన పెద్దలకి ఒక్క మాట. 55 ఏళ్ళు నిండే సంవత్సరంలో గానీ, ఆ తర్వాత గానీ ఉద్యోగం వదిలితే, ఆ కంపెనీ 401కె నుంచి తీసుకునే డబ్బుకి 10 శాతం జరిమానా లేదు, మామూలు పన్నే. అదే డబ్బుని ఐఆర్ఏకి మార్చేస్తే ఆ వెసులుబాటు పోతుంది, మళ్ళీ యాభై తొమ్మిదిన్నర దాకా ఆగాల్సిందే. కనక మీరు మాత్రం బదిలీ కాగితాల మీద సంతకం పెట్టే ముందే ఈ సంగతి కనుక్కోండి.