షాబాన్: బకాయిలు తీర్చుకునే మాసం

స్తుతిస్తోత్రాలన్నీ మనలను పుట్టించి, పోషించి, మరొక షాబాన్ మాసాన్ని చూసే ఆయుష్షును ప్రసాదించిన అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి, శుభాలు వర్షించుగాక!



మరికొద్ది రోజులలో రమజాన్ నెలవంక దర్శనమిస్తుంది. మన మొహల్లాలలో సన్నాహాలు అప్పుడే ఆరంభమయ్యాయి. మసీదుకు రంగులు వేయించే మాట, తరావీహ్‌కు హాఫిజ్ సాహెబును పిలిపించే మాట, ఇఫ్తార్ ఖర్చులకు చందాలు పోగుచేసే మాట నడుస్తున్నది. ఇవన్నీ మంచి పనులే. అయితే మసీదును సిద్ధం చేస్తున్న మనం, వంటింటిని సిద్ధం చేస్తున్న మనం, మనలను మనం సిద్ధం చేసుకుంటున్నామా? ఈ జుమా నాడు ఈ ఒక్క ప్రశ్నను మన ముందుంచుకుందాం.

ప్రతి ఏటా జరిగేది మనకు తెలియనిది కాదు. మొదటి రాత్రి తరావీహ్‌కు మసీదు చాలక వరండాలో చాపలు పరుస్తాము. పది రోజులు గడిచేసరికి వరుసలు తగ్గుతాయి. లైలతుల్ ఖద్ర్‌ను వెదకవలసిన చివరి పది రాత్రులలో మనలో అనేకులు బజారులో కనిపిస్తారు. ఈద్ మరునాడు ఫజ్ర్ నమాజుకు మళ్ళీ పాత నలుగురే మిగులుతారు. రమజాన్‌లో శుభం లేకపోలేదు. ఆ శుభం మనలో నిలవడానికి చోటు లేకపోయింది.

కృష్ణా, గోదావరి డెల్టాలలో ఉన్నవారికి ఒక సంగతి తెలుసు. వేసవిలో కాలువలు కట్టివేసిన రోజులలోనే పూడిక తీస్తారు, గుర్రపుడెక్క తొలగిస్తారు, తూములకు మరమ్మతులు చేస్తారు. నీరు వదిలిన తరువాత ఆ పని సాగదు. పూడిక తీయని కాలువకు కూడా నీరు వస్తుంది గాని, శివారు పొలానికి చేరదు. ఆ పొలం ఎండితే తప్పు నీటిది కాదు. రమజాన్ కారుణ్య ప్రవాహం. షాబాన్ పూడిక తీసుకునే గడువు.

అందుకే దైవప్రవక్త (స) ఈ మాసాన్ని ఊరకే గడిచిపోనివ్వలేదు. రమజాన్ మినహా మరే మాసంలోనూ వారు షాబాన్‌లో ఉన్నంతగా ఉపవాసాలు ఉండగా తాను చూడలేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. దీనికి కారణమేమిటని హజ్రత్ ఉసామా బిన్ జైద్ (రజి) అడిగినప్పుడు, రజబ్‌కూ రమజాన్‌కూ నడుమనున్న ఈ మాసాన్ని ప్రజలు ఏమరుపాటుతో వదిలివేస్తారని, కర్మలు అల్లాహ్ సన్నిధికి చేర్చబడే మాసమిదని వారు వివరించారు. కర్మల లెక్క పైకి చేరే మాసంలో మన లెక్కను మనమే ఒకసారి చూసుకోవడం ఉచితం కదా! సూరె హష్ర్‌లో అల్లాహ్ విశ్వాసులను ఉద్దేశించి, రేపటి కోసం తాను ఏమి పంపుకున్నాడో ప్రతి మనిషీ చూసుకోవాలని ఆదేశించాడు. కొత్త సంకల్పాలకన్నా ముందు పాత బకాయిలను చూద్దాం. అవి మూడు ఖాతాలలో ఉన్నాయి.

మొదటిది అల్లాహ్‌తో మన ఖాతా.

గత రమజాన్‌లో అనారోగ్యం వల్లనో, ప్రయాణం వల్లనో విడిచిన ఉపవాసాలు మనపై మిగిలి ఉన్నాయేమో లెక్కించుకుందాం. తనపై మిగిలిన ఉపవాసాలను షాబాన్‌లో పూర్తి చేసుకునేదాన్నని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పిన మాట బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉన్నది. ఈ విషయంలో మన ఇళ్ళలోని స్త్రీలకు మనం చేయవలసిన సహాయం ఒకటున్నది. మనకు ఒకటి రెండు ఖజా ఉపవాసాలు ఉంటే, వారికి ప్రతి ఏటా ఆరో ఏడో మిగులుతాయి. రమజాన్‌లో ఇంటిల్లిపాదీ ఉపవాసం ఉంటారు గనుక అది సులభం. ఇప్పుడు వారు ఒంటరిగా ఉపవాసం ఉండి, మిగిలినవారికి మూడు పూటలా వండి వడ్డించాలి. ఆ రోజులలో వంటింటి పనిలో కొంత మనం పంచుకుందాం. సహ్రీకి వారితోపాటు లేద్దాం. రమజాన్‌కు ఒకటి రెండు రోజుల ముందు, అలవాటుగా ఉండేవారు తప్ప ఇతరులు ఉపవాసం పాటించరాదని ప్రవక్త (స) వారించారు గనుక, ఈ ఖజాలను నెలాఖరుకు నెట్టకుండా ఇప్పుడే తీర్చుకోవడం మేలు. వార్ధక్యం వల్లనో, నయంకాని జబ్బు వల్లనో ఇక ఎన్నటికీ ఉపవాసం ఉండలేనివారు ఒక్కొక్క ఉపవాసానికి ఒక్కొక్క పేదవానికి అన్నం పెట్టే ఫిద్యాను లెక్కగట్టి ఉంచుకోవాలి.

జకాత్ కూడా ఈ ఖాతాలోనిదే. మనలో చాలామంది రమజాన్ ఇరవై ఏడవ రాత్రి జేబులో చేయి పెట్టి, చేతికందినంత ఇచ్చి జకాత్ అంటారు. జకాత్ దానం కాదు, లెక్క. ఏడున్నర తులాల బంగారం, అంటే సుమారు 87.5 గ్రాములు, లేదా యాభై రెండున్నర తులాల వెండి, అంటే సుమారు 612 గ్రాములు మన దేశపు ఉలమాలు సాధారణంగా చెప్పే నిసాబ్. ఇంట్లోని బంగారం, బ్యాంకులోని సొమ్ము, దుకాణంలోని సరుకు, రావలసిన బాకీలు ఇప్పుడే కాగితంపై వ్రాసి, అందులో నలభైవ వంతు ఎంతవుతుందో తేల్చుకుందాం. సందేహమున్నచోట ఆలిమ్‌ను అడుగుదాం. పేదవాని హక్కు ఈద్ హడావిడిలో మరుగున పడకుండా ఉంటుంది.

రెండవది సాటి మనుషులతో మన ఖాతా. సోదరులారా, అసలు పూడిక ఇక్కడే ఉన్నది.

అల్లాహ్ క్షమాశీలుడు. తన హక్కులో లోపం చేసిన దాసుడు పశ్చాత్తాపంతో మరలి వస్తే ఆయన మన్నిస్తాడు. కాని మనం మరొకరి సొమ్మును ఉంచుకుని తౌబా చేస్తే, ఆ సొమ్మును తిరిగి ఇవ్వనిదే ఆ తౌబా పూర్తి కాదు. అల్లాహ్ మార్గంలో ప్రాణమిచ్చిన అమరవీరునికి సమస్త పాపాలూ క్షమించబడతాయని, అప్పు మాత్రం మినహాయింపని ప్రవక్త (స) తెలిపారు. ప్రాణత్యాగం తుడిచివేయని బాకీని ముప్పై ఉపవాసాలు తుడిచివేస్తాయని మనం ఎలా ఆశించగలం?

నిజమైన దివాలాకోరు ఎవరో ప్రవక్త (స) సహాబాలకు ఒకసారి వివరించారు. అతడు ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్ వెంట తెచ్చుకుంటాడు. కాని ఒకరిని తిట్టి, ఒకరిపై నింద మోపి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టి ఉంటాడు. అతని పుణ్యాలన్నీ వారికి పంచివేయబడతాయి. పుణ్యాలు అయిపోయి బాకీ ఇంకా మిగిలితే వారి పాపాలు అతని తలపై వేయబడతాయి. గమనించండి, ఆ మనిషి ఉపవాసాలు ఉన్నవాడే. రమజాన్‌లు గడిపినవాడే.

ఇప్పుడు మన ఖాతా తెరుద్దాం. కిరాణా దుకాణంలో మన పేరిట ఉన్న పద్దు, చీటీ పాడుకుని ఆపైన కట్టకుండా వదిలిన వాయిదాలు, పనివానికి తగ్గించి ఇచ్చిన కూలి, పెళ్ళినాడు అందరి ముందు ఒప్పుకుని నేటికీ భార్య చేతికివ్వని మెహర్, ఇవన్నీ బాకీలే. వీటన్నిటికన్నా బరువైనది ఆడబిడ్డల వారసత్వపు వాటా. తండ్రి పోయిన తరువాత ఇల్లూ పొలమూ అన్నదమ్ముల మధ్య పంచుకుని, చెల్లెలికి చీర పెట్టి పంపే ఆచారం మనలో వేళ్ళూనుకున్నది. సూరె నిసాలో స్త్రీకి కూడా, ఆస్తి కొద్దిదైనా ఎక్కువైనా, వాటా ఉన్నదని అల్లాహ్ నిర్ణయించాడు. వాటాలను వివరించి, అవి తాను విధించిన హద్దులని హెచ్చరించాడు. చెల్లెలు తానే వదులుకున్నదని మనం చెప్పుకుంటాము. ఆమె ఇష్టపడి వదులుకున్నదా, లేక పుట్టింటి తలుపు మూసుకుపోతుందన్న భయంతో సంతకం చేసిందా? ఆమె వాటాను ముందు ఆమె చేతిలో పెడదాం. ఆ తరువాత ఆమె ఇచ్చేదేమైనా ఉంటే అది ఆమె ఇష్టం.

తీర్చే శక్తి నేడు లేనివారు ముఖం చాటు చేయవద్దు. ఎదుటికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పి, గడువు అడిగి, తారీఖు వ్రాసి ఇవ్వండి. బాకీ రావలసినవారు సూరె బఖరాలోని ఆదేశాన్ని గుర్తుంచుకోండి. ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి గడువివ్వాలని, మాఫీ చేస్తే అది మరింత మేలని అల్లాహ్ సెలవిచ్చాడు.

సొమ్ముతో పాటు మనసుల బాకీలు కూడా ఉన్నాయి. సోమ, గురువారాలలో స్వర్గ ద్వారాలు తెరవబడతాయని, షిర్క్ చేయని ప్రతి దాసుడూ క్షమించబడతాడని, పరస్పరం వైరంతో ఉన్న ఇద్దరి వ్యవహారం మాత్రం వారు రాజీపడేంతవరకు ఆపి ఉంచబడుతుందని హదీసులో ఉన్నది. ఒకే మసీదులో ఒకరు కుడివైపు వరుసలో, మరొకరు ఎడమవైపు వరుసలో నిలబడి, సలాం కూడా చెప్పుకోని అన్నదమ్ములు మన మధ్య లేరా? ముందుగా సలాం చెప్పినవాడే వారిద్దరిలో ఉత్తముడని ప్రవక్త (స) తెలిపారు. ఆ స్థానం కోసం పోటీపడదాం.

మూడవది మన దేహంతో, మన సమయంతో ఉన్న ఖాతా.

దేహానికి కూడా మనపై హక్కు ఉన్నదని హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తన ధార్మిక సోదరుడైన హజ్రత్ అబూ దర్దా (రజి)కు హితవు చెప్పగా, ప్రవక్త (స) దానిని ధ్రువపరచారు. అర్ధరాత్రి వరకు ఫోను చూసే కళ్ళు సహ్రీకి, తహజ్జుద్‌కు ఒక్క రోజులో మేల్కొనలేవు. నేటి నుండి అరగంట ముందుగా పడుకుందాం. రోజుకు పది టీలు తాగేవారు, సిగరెట్, గుట్కా అలవాటున్నవారు ఇప్పుడే తగ్గించడం మొదలుపెట్టాలి. షుగర్, రక్తపోటు మందులు వాడేవారు రమజాన్‌కు ముందే వైద్యుని కలిసి, ఉపవాసం ఉండవచ్చునో లేదో, మందుల వేళలు ఎలా మార్చుకోవాలో తెలుసుకోవాలి.

ఖుర్ఆన్ పారాయణం కూడా ఇలాగే. ఒక పారా సుమారు 20 పుటలున్న ప్రతిలో ప్రతి నమాజు తరువాత 4 పుటలు చదివితే రోజుకు ఒక పారా పూర్తవుతుంది, ముప్పై రోజులలో ఒక ఖత్మ్ అవుతుంది. ఈ వారం ప్రతి నమాజు తరువాత ఒక్క పుటతో మొదలుపెడదాం. కొద్దిదైనా నిలకడగా చేసే కర్మ అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదని మనకు బోధించబడింది. కూఫా వాసి అయిన అమ్ర్ బిన్ ఖైస్ షాబాన్ రాగానే దుకాణం మూసి ఖుర్ఆన్ పారాయణంలో నిమగ్నమయ్యేవారని పూర్వ గ్రంథాలలో ఉన్నది. మనమందరం దుకాణాలు మూయలేము. షట్టరు ఒక్క అరగంట ముందుగా దించగలము.

సోదరులారా! ఇవన్నీ రమజాన్‌లోనే చేసుకుందామని మనసు చెబుతుంది. తౌబా ద్వారం అప్పుడూ తెరిచే ఉంటుంది, సందేహం లేదు. కాని అప్పటికి మనముంటామన్న హామీ ఎవరి వద్ద ఉన్నది? గత రమజాన్‌లో మన పక్కన భుజం కలిపి నిలబడినవారిలో కొందరు నేడు ఖబ్రస్తాన్‌లో ఉన్నారు. వారు వదిలివెళ్ళిన బాకీల కాగితాలు వారి పిల్లల చేతులలో ఉన్నాయి.

ఈ రోజు ఇంటికి వెళ్ళి ఒక కాగితం తీసుకుందాం. ఎవరికి ఏమి బాకీ ఉన్నామో పేరు పేరునా వ్రాద్దాం. వచ్చే జుమాలోగా అందులో కనీసం ఒక్క పేరును కొట్టివేద్దాం. అన్నిటికన్నా కష్టమైన పేరు ఏదో, వీలైతే దానితోనే మొదలుపెడదాం.

ఓ అల్లాహ్! మాకు రమజాన్‌ను చేరుకునే ఆయుష్షును ప్రసాదించు. దానికి ముందే సాటివారి హక్కులు చెల్లించే ధైర్యాన్నీ, స్థోమతనూ ప్రసాదించు. మా హృదయాలలోని ద్వేషాన్ని తొలగించు. మాపై హక్కులు మిగిలి ఉండగానే గతించిన మా పెద్దల బాకీలు తీర్చే భాగ్యాన్ని మాకు కలిగించు. ఆమీన్.