అవతల ఎవరు వింటున్నారు?

 

ఈ రేడియో ఒక చిత్రమైన పరికరం. నేనిక్కడ ఒక చిన్న గదిలో మైకు ముందు కూర్చుని మాట్లాడుతున్నాను. మీరు కూర తరుగుతూనో, వల బాగుచేసుకుంటూనో వింటున్నారు. మీరక్కడ కేక వేసినా నాకు వినపడదు. మాట్లాడే వైపు నేను, వినే వైపు మీరు. ఈ రోజు ఆ వినే వైపు గురించి చెప్పాలనుకుంటున్నాను. అందుకోసం మిమ్మల్ని చాలా దూరం, అమెరికా ఉత్తరాన ఉన్న అలాస్కాకు తీసుకువెళ్తాను. అక్కడొక ఎలుగుబంటి ఉంది. భయపడకండి, క్షేమంగా మన ఊరికే తీసుకొస్తాను. మన ఊళ్ళోనూ ఎలుగుబంటి ఉందనుకోండి, దాని సంగతి చివర చెబుతాను.

1977వ సంవత్సరం ఆగస్టు నెల. సింథియా డ్యూసెల్-బేకన్ అనే యువతి అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థలో శాస్త్రవేత్త. అలాస్కా తూర్పు భాగంలోని కొండల్లో ఏ రాయి ఎక్కడుందో, ఏ కాలంనాటిదో పటం గీయడం వాళ్ళ బృందం పని. అక్కడ రోడ్లు లేవు. పొద్దున్నే హెలికాప్టర్ ఒక్కొక్కరినీ ఒక్కో కొండమీద దింపుతుంది. వాళ్ళు రోజంతా ఒంటరిగా నడుస్తూ, సుత్తితో రాళ్ళు కొట్టి ముక్కలు సంచిలో వేసుకుంటూ, గుర్తులు రాసుకుంటూ వెళ్తారు. సాయంకాలం హెలికాప్టర్ మళ్ళీ వచ్చి ఎక్కించుకుంటుంది. ఆమె దగ్గర తుపాకీ లేదు. వీపు సంచిలో ఒక చిన్న వాకీటాకీ ఉంది.

ఆ రోజు ఆమె ఒక బండ దగ్గర రాయి కొడుతూ ఉండగా, అతి సమీపంలో పొదల్లోనుంచి ఒక నల్ల ఎలుగుబంటి లేచింది. ఆమె బెదరలేదు. చదువుకున్న మనిషి, ఏం చెయ్యాలో తెలుసు. కేకలు వేసింది, చప్పట్లు కొట్టింది, చేతులు ఊపింది. చాలా ఎలుగుబంట్లు అంతటితో పారిపోతాయి. అది పారిపోలేదు. మీదపడి ఆమెను కింద పడేసింది. చచ్చినట్టు కదలకుండా పడుకుంటే వదిలేస్తుందని విన్నది గనుక అలాగే పడుకుంది. అది వదల్లేదు. ఆమె చెయ్యి నోట కరచుకుని పొదల్లోకి ఈడ్చుకుపోయింది. కాసేపటికి అది కొంచెం ఆగినప్పుడు, ఆమె పనిచేస్తున్న రెండో చేతితో నెమ్మదిగా సంచి తెరిచి, వాకీటాకీ బయటికి తీసి, హెలికాప్టర్ పైలట్‌ను పేరు పెట్టి పిలిచి, ఎలుగుబంటి నన్ను తింటోంది, త్వరగా రమ్మని చెప్పింది.

ఇక్కడొక్క క్షణం ఆగుదాం. చుట్టూ మనిషి లేడు. పరికరం ఉంది. దానికి అవతల ఎవరూ లేకపోతే? ఉన్నవాళ్ళు భోజనానికి వెళ్ళి ఉంటే? విన్నవాళ్ళు ఇదేదో తమాషా అనుకుని ఉంటే?

అవతల విన్నారు. హెలికాప్టర్ వచ్చింది. ఆమె బ్రతికింది. అయితే అప్పటికి రెండు చేతులూ పనికిరాకుండా పోయాయి, వైద్యులు రెండింటినీ తీసివేయవలసి వచ్చింది. రాళ్ళు పట్టి చూసే మనిషికి చేతులు లేకపోతే ఇంకేముందని మనం అనుకుంటాం. ఆమె కృత్రిమ హస్తాలు పెట్టించుకుని అదే సంస్థలో మళ్ళీ పనిలో చేరింది. ఆ అలాస్కా రాళ్ళమీదే దశాబ్దాలపాటు పరిశోధన చేసి పత్రాలు ప్రచురించింది. ఆ ఒక్క సంగతిమీదే ఒక వారం మాట్లాడవచ్చు. కానీ నా మనసు మాత్రం ఆ వాకీటాకీ దగ్గరే ఆగిపోతోంది.

ఎలుగుబంటి అనగానే మన విశ్వాసులకు పిల్లలను పోగొట్టుకున్న ఎలుగుబంటి జ్ఞాపకం వస్తుంది. రెండవ సమూయేలులో, సామెతల గ్రంథంలో, హోషేయలో ఆ పోలిక కనబడుతుంది. తల్లి కోపం అందరికీ తెలిసినదే. అయితే అమెరికా, కెనడాలలోని నల్ల ఎలుగుబంట్లను గురించి శాస్త్రజ్ఞులు తేల్చినది వేరుగా ఉంది. కెనడాకు చెందిన స్టీఫెన్ హెర్రేరో మరి కొందరితో కలిసి 1900 నుండి 2009 వరకు ఆ ఎలుగుబంట్ల చేతిలో చనిపోయినవారి వివరాలన్నీ సేకరించారు. నూట పది సంవత్సరాలలో 63 మంది. ఆ దాడుల్లో ఎక్కువ భాగం పిల్లలున్న తల్లులు చేసినవి కావు. మనిషిని ఆహారంగా చూసి వెంటబడిన ఒంటరి మగవి చేసినవి. కాబట్టే ఇప్పుడు ఆ అడవులకు వెళ్ళేవారికి ఇలా నేర్పుతున్నారు: గ్రిజ్లీ ఎలుగుబంటి ఉలిక్కిపడి, తనను తాను కాపాడుకోవడానికి మీదపడితే, బోర్లా పడుకుని మెడమీద చేతులు వేసుకుని కదలకుండా ఉండండి. నల్ల ఎలుగుబంటి పొంచి వచ్చి దాడిచేస్తే మాత్రం పడుకోవద్దు, దొరికినదానితో తిరగబడండి. అంటే సింథియా పడిన తిప్పల్లో ధైర్యానికి లోటులేదు. అప్పటికి మనుషులకు తెలిసినదే తక్కువ.

తుపాకీ ఉంటే సరిపోయేది కదా అంటారేమో. అలాస్కాలో తుపాకీ ఉన్నవారు ఎలుగుబంటికి ఎదురుపడిన 269 సంఘటనలను పరిశీలించి 2012లో ఒక నివేదిక ప్రచురించారు. తుపాకీ వాడినవారికీ, చేతిలో ఉండి వాడనివారికీ జరిగిన హానిలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదట. పరుగెత్తుకొచ్చే జంతువును గురిచూడటం కాగితం మీద సులభం. దానికి బదులు ఇంకొకటి బాగా పనిచేస్తోంది. వింటే మన గుంటూరువాళ్ళు నవ్వుతారు, మిరపకాయ! మిరపలోని ఘాటు పదార్థాన్ని డబ్బాలో నింపి, ఎలుగుబంటి ముఖంమీదికి చిమ్ముతారు. అలాస్కాలో 1985 నుండి 2006 వరకు ఈ డబ్బా వాడిన 72 సంఘటనలు చూస్తే, దగ్గరగా ఎదురుపడినవారిలో నూటికి 98 మందికి గాయం కూడా కాలేదు.

అయినా ఆ శిబిరాల్లో మొదట నేర్పేది డబ్బా నొక్కడం కాదు. ఒంటరిగా వెళ్ళవద్దు. మౌనంగా నడవవద్దు, మాట్లాడుకుంటూ, చప్పుడు చేసుకుంటూ వెళ్ళండి, నువ్వొస్తున్నావని దానికి ముందే తెలియాలి. ఎటు వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో చెప్పి వెళ్ళండి. చెప్పిన వేళకు రేడియోలో పలకండి. పలకకపోతే శిబిరంలో ఉన్నవాడు వెతకడం మొదలుపెట్టాలి. గమనించండి, ఈ చివరి నియమం అడవిలోకి వెళ్ళినవాడికి పెట్టినది కాదు, శిబిరంలో కూర్చున్నవాడికి పెట్టినది.

ఇలాంటిదే ఇంకొకటి నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉంది. అక్కడ తెల్ల ధ్రువపు ఎలుగుబంట్లు తిరుగుతాయి. అక్కడి నీ-ఒలెసుండ్ అనే చిన్న పరిశోధనా గ్రామంలోనే 2008లో మన భారతదేశం హిమాద్రి కేంద్రాన్ని తెరిచింది. ఆ గ్రామంలో ఇళ్ళ తలుపులకు తాళం వెయ్యరు. ఎలుగుబంటి వస్తే ఎవరైనా పరుగెత్తి ఏ తలుపైనా తోసుకుని లోపలికి రావాలి గనుక. నేను ఆ సంగతి చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఎందుకో చెబుతాను.

నేను సెమినరీ చదువు ముగించుకుని మొదటిసారి సేవకు వెళ్ళినది శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు. ఎండాకాలంలో జీడిపండ్లు రాలే రోజుల్లో ఎలుగుబంట్లు తోటల్లోకి వస్తాయి. మన ఎలుగుబంటి చెదల పుట్టలో మూతి పెట్టిందంటే లోకం మరచిపోతుంది, మనిషి దగ్గరికి వచ్చేదాకా గమనించదు. గమనించగానే హడలిపోయి మీద పడుతుంది. ముఖంమీద, తలమీద కొడుతుంది. ఆ ప్రాంతంలో అలాంటి గుర్తులున్న ముఖాలు నేను చాలా చూశాను.

ఆ తోటల్లో రాత్రంతా కేకలు వినపడుతూనే ఉంటాయి. కాపలావాళ్ళు జంతువులను బెదరగొట్టడానికి అరుస్తారు, డబ్బాలు వాయిస్తారు. వెళ్ళిన కొత్తలో నిద్రపట్టేది కాదు, నెల తిరిగేసరికి అలవాటైపోయింది. ఒక రోజు తెల్లవారకముందు ఒక కేక వినబడింది. నాకు మెలకువ వచ్చింది. కాపలావాళ్ళ కేకలా లేదనిపించింది. ఆడమనిషి గొంతులా ఉందనీ అనిపించింది. మళ్ళీ ఇంకొకసారి వినబడింది. తలుపు గడియ వేసి ఉంది. లేవాలా వద్దా అనుకుంటూ, కాపలావాళ్ళే అయి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుని అటు తిరిగి పడుకున్నాను.

ఆమె మా సంఘస్థురాలే. జీడిపిక్కలు ఏరుకోవడానికి ఒంటరిగా వెళ్ళింది. ఎలుగుబంటి వదిలేసి వెళ్ళాక తానే లేచి, చీరకొంగు ముఖానికి అదుముకుని, ఊరిదాకా నడిచి వచ్చింది. ఒక కన్ను పోయింది. అంతకుముందు ఆదివారమే నేను దావీదును గురించి ప్రసంగించాను. గొఱ్ఱెపిల్లను ఎలుగుబంటి ఎత్తుకుపోతే వెంటబడి దాని నోటినుండి విడిపించిన కాపరి అని గొంతెత్తి చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. ఆమె కూడా అన్నది.

ఆస్పత్రికి వెళ్ళాను, ప్రార్థన చేశాను, చందా పోగుచేసి ఇచ్చాను. ఆ కేక నేను విన్నానని మాత్రం చెప్పలేదు. తరువాత వేరే సంఘానికి మారిపోయాను. 2022 జూన్ నెలలో అదే ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో, ఒక ఎలుగుబంటి ఒక రైతును చంపి మరికొందరిని గాయపరచిందనీ, అధికారులు పట్టుకున్నాక అదీ చనిపోయిందనీ వార్త చూసినప్పుడు ఇక ఉండలేకపోయాను. బస్సెక్కి వెళ్ళాను.

ఆమె వాకిట్లో కూర్చుని జీడిపిక్కలు ఎండబోస్తోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది. మంచినీళ్ళిచ్చింది. నేను చెప్పవలసినది చెప్పాను. "అమ్మా, ఆ రోజు నీ కేక నాకు వినబడింది. రెండుసార్లు వినబడింది. నేను లేవలేదు" అన్నాను.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. పిక్కలు చేత్తో నెరుపుతూనే ఉంది.

"మీకూ ఇనబడిందేటి, అయ్యగారూ" అన్నది చివరికి. "ఎవులికీ ఇనబడలేదనుకుని ఇన్నాళ్ళూ సరిపెట్టుకున్నాను."

నా దగ్గర జవాబు లేదు. ఆమె లేచి లోపలికి వెళ్ళింది, ఇక రాదేమో అనుకున్నాను. గుప్పెడు జీడిపప్పు కాగితంలో పొట్లం కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. తన మనవడు ఇప్పుడు రాత్రిళ్ళు తోట కాపలాకు వెళ్తున్నాడనీ, వాడి దగ్గర సెల్లు ఉందనీ చెప్పింది.

"మీ నంబరు ఇయ్యండి, ఆడికిస్తాను" అన్నది. "రాత్రేళ ఎత్తుతారా?"