అతిథుల లెక్క కూడా వాళ్ల చేతుల్లో లేదు

(అమరాపురంలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమరాపురంలో బస్సెక్కితే కాసేపటికే కర్ణాటకలో ఉంటాం. శిరాకి సరుకు తీసుకుపోయేవాళ్లం, పావగడలో సంబంధాలు కలుపుకున్నవాళ్లం, ఇంట్లో ఒక భాష, అంగట్లో ఇంకో భాష మాట్లాడేవాళ్లం. సరిహద్దు ఎక్కడ దాటామో టికెట్టు కొట్టే కండక్టరుకి తప్ప మనకి పట్టదు. అలాంటి మనం, పక్క ఊరికి పోవాలన్నా సైనికుడి ముందు కాగితం చూపించాల్సిన ఇంట్లో అతిథిగా ఉండటమంటే ఏమిటో ఒకసారి ఆలోచించాలి. విద్యార్థి బృందాలు పాలస్తీనా కుటుంబాల ఇళ్లలో బస చేసి రావడం గురించి చెప్పమని మమ్మల్ని అడిగారు. మేం వెళ్లొచ్చినవాళ్లం కాదు. చదివి తెలుసుకున్నదే చెబుతాం.

బెత్లెహేం పక్కన బేత్ సహూర్ అని ఒక చిన్న పట్టణం ఉంది. ఎక్కువమంది క్రైస్తవులు. పాలస్తీనీయులంటే ముస్లింలే అనుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు కాబట్టి ఈ మాట చెబుతున్నాం. మొదటి ఇంతిఫాదా రోజుల్లో, 1988లో, ఆ ఊరివాళ్లు ఆక్రమణ ప్రభుత్వానికి పన్ను కట్టం పొమ్మన్నారు. బయటి పాలు కొనడం మానుకోవాలని పద్దెనిమిది ఆవుల్ని తెచ్చి పెంచుకున్నారు. ఆ ఆవులు దేశ భద్రతకి ముప్పు అన్నది సైన్యం! నవ్వకండి, సైనికులు నిజంగానే ఆవుల కోసం వెతికారు. దాని మీద 2014లో ‘ది వాంటెడ్ 18’ అనే సినిమా కూడా వచ్చింది. 1989లో సైన్యం ఊరిని వారాల తరబడి దిగ్బంధించి, ఇళ్లలో, దుకాణాల్లో సామాను జప్తు చేసుకుపోయింది.

1995లో ఆ ఊళ్లోనే ఆల్టర్నేటివ్ టూరిజం గ్రూప్ పుట్టింది. వచ్చినవాళ్లని హోటల్లో కాకుండా కుటుంబాల ఇళ్లలో దింపే ఏర్పాటు చేసింది. ఆ ఇళ్లకి పోయినవాళ్లు ముందు చూసేది మిద్దెల మీద నీళ్ల ట్యాంకులు. ఎండాకాలంలో అక్కడ కుళాయి నీళ్లకి వారాలు ఎదురుచూడాలి. ఇది మనకి వింతేం కాదు. అయితే తేడా ఉంది. ఇక్కడ బోరు ఎండిపోతుంది. అక్కడ బోరు వేయనివ్వరు. 1967 నుంచీ కొత్త బావికి ఇజ్రాయెల్ అధికారుల అనుమతి ఉండాల్సిందే.

అక్టోబరు, నవంబరు నెలల్లో ఆలివ్ కోత. చెట్ల కింద పట్టాలు పరిచి, పిల్లాపాపలతో ఇంటిల్లిపాదీ కాయ దులుపుతారు. మనం శెనక్కాయ పీకే రోజుల్లో పొలంలోనే సద్ది తిన్నట్టు, వాళ్లూ చెట్టు కిందే రొట్టె, ఆలివ్ నూనె, జాతర్ పొడి పెట్టుకుని తింటారు. విదేశీ విద్యార్థులు ఆ కోతలకి పోవడం సరదా కోసమే కాదు. పరాయి దేశం మనిషి పక్కన ఉంటే సెటిలర్లు దాడికి కొంచెం వెనకాడతారని ఆశ. అతిథి అక్కడ కాపలా మనిషి కూడా.

ఆ అతిథి ఎవరనేది ఆ ఇంటివాళ్లు తేల్చలేరు. ఏ దారిన పోయినా ఇజ్రాయెల్ తనిఖీ దాటాలి. 2022 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ సైనిక యంత్రాంగం రాసిన నిబంధనల ముసాయిదాలో, వెస్ట్‌బ్యాంక్ విశ్వవిద్యాలయాలకి విదేశీ విద్యార్థులు ఏడాదికి 150 మందే రావాలని పెట్టారు. గొడవయ్యాక ఆ అంకె తీసేశారు కానీ, ఆ అక్టోబరులో నిబంధనలు అమల్లోకి తెచ్చారు.

మన దేశం 1988లోనే పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించింది. 2018 ఫిబ్రవరిలో ప్రధాని రమల్లా వెళ్లినప్పుడు, యువజన మార్పిడిని 50 నుంచి 100 మందికి పెంచుతామన్నారు. ప్రభుత్వాల సంగతి అట్లుంచి, జనం చేసింది చెబుతాం. జెనిన్ శిబిరంలోని ఫ్రీడమ్ థియేటర్ విద్యార్థులు 2015 చివర్లో మన దేశం వచ్చి, ఢిల్లీ జన నాట్య మంచ్‌తో కలిసి నాటకం తయారుచేసి ఊరూరా ఆడారు. మరుసటేడు మనవాళ్లు అక్కడికి పోయారు. మార్పిడి అంటే అది: ఒకరు దాత, ఒకరు గ్రహీత కాకుండా ఇద్దరూ అతిథులే, ఇద్దరూ ఇంటివాళ్లే.

2023 డిసెంబరులో సైన్యం ఆ థియేటర్ మీద దాడి చేసింది. 2025 జనవరిలో మొదలుపెట్టిన సైనిక చర్యతో జెనిన్ శిబిరం మొత్తం ఖాళీ అయింది. ఉత్తర వెస్ట్‌బ్యాంక్ శిబిరాల నుంచి దాదాపు 40 వేలమంది కట్టుబట్టలతో వెళ్లిపోయారు. గాజా సంగతి మీకు వేరే చెప్పనక్కర్లేదు. అతిథిని పిలవడానికి ఆ శిబిరంవాళ్లకి ఇప్పుడు గడప లేదు.

ఒక మాట ముందే చెబుతాం. మన వేదికల మీద కొందరు వక్తలు మన ప్రాంత సమస్యని పాలస్తీనాతో పోలుస్తుంటారు. మేం ఒప్పుకోం. మనకి ఓటుంది, కోర్టుంది, బస్సు ఆపి ఎవరూ తుపాకి చూపించరు. పోలిక పెట్టకుండానే పక్కన నిలబడొచ్చు.

కాబట్టి మేం అడిగేది చిన్నది. మన దేశంలో స్కాలర్‌షిప్‌ల మీద చదువుకునే పాలస్తీనా పిల్లల్లో చాలామంది సెలవులకి ఇంటికి పోలేరు. కొందరికి పోవడానికి ఇల్లే లేదు. వాళ్లని నాలుగు రోజులు మన ఊరికి పిలుద్దాం. హేమావతి గుళ్లు చూపిద్దాం, వక్కతోటల్లో తిప్పుదాం, రాగిసంకటి పెడదాం. స్టేజీ ఎక్కించి దండలేసి, మీ కష్టాలు చెప్పండి అనొద్దు. చెబితే విందాం, నిద్రపోతామంటే పడుకోనిద్దాం.

ఉద్యోగ మిత్రులకి ఒక సంగతి. ఇంట్లో విదేశీయులు దిగితే 24 గంటల్లో అధికారులకి సమాచారం ఇవ్వాలి, అది ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది. ఆ పని తెలిసినవాళ్లు మాకు కావాలి. ఇంట్లో ఒక గది ఇవ్వగలిగినవాళ్లు సభ అయ్యాక కాసేపు ఆగండి, పేర్లు రాసుకుంటాం. ఆడపిల్లలకి బస ఇవ్వగలిగిన ఇళ్లు ముందు చెప్పండి.