మరుగుపడిన రాజ్యములు - ఊరూరి ఊహలు



ప్రతి గ్రామమునకును ఒక పాతదిబ్బ ఉండును. ఆ దిబ్బకొక కథ ఉండును. “పూర్వమిచట ఒక రాజు ఏలెను” అని వృద్ధులు చెప్పుదురు. చదువుకొన్న యువకుడు ఆ రాజునకు పేరు వెదకును. పేరు దొరకినంతనే ఊరు రాజధాని యగును. ఇట్టి ఊహలను నవ్వి త్రోసివేయరాదు; విచారింపక నమ్మనురాదు. ఈ రెంటి నడుమ నున్న మార్గమును విష్ణుకుండినుల చరిత్ర చక్కగా చూపుచున్నది.

విష్ణుకుండినులు క్రీ.శ. 5, 6 శతాబ్దములందు ఆంధ్రదేశమున పెద్దభాగమును ఏలినవారు. వీరిలో మాధవవర్మ పదకొండు అశ్వమేధములు చేసెనని శాసనములు చాటుచున్నవి. అంతటి వంశముయొక్క పేరు జనుల స్మృతిలో నిలువలేదు. నేలలో దాగిన రాగిరేకులు బయటపడి, పండితులు వానిని చదివిన పిదపనే ఆ పేరు తిరిగి లోకమునకు తెలిసెను.

వీరి స్వస్థలమెయ్యది? చిక్కుళ్ళ తామ్రశాసనమును పరిష్కరించిన జర్మను పండితుడు కీల్‌హార్న్, విష్ణుకుండి యను పేరునకును వినుకొండకును సంబంధముండవచ్చునని సూచించెను. ఆ రాజులు శ్రీపర్వతస్వామి భక్తులమని చెప్పుకొనిరి. వినుకొండకు పడమట శ్రీశైలమున్నది. కావున ఊహ అందముగనే యున్నది. కాని ఆ చిక్కుళ్ళ శాసనము లెందులూరునుండి ఈయబడినది. అది నేటి ఏలూరు జిల్లాలోని దెందులూరని పండితులు గుర్తించిరి. పేర్ల పోలిక దారి చూపవచ్చును, సాక్ష్యము చెప్పజాలదు. పండితుడు “ఉండవచ్చును” అన్నమాట నాలుగు నోళ్ళు మారినచో “ఉన్నది” అగును. చిక్కంతయు అచటనే పుట్టును.

బెజవాడలో మరియొక కథ కలదు. రాజకుమారుని రథము క్రిందపడి చింతచిగురు అమ్ముకొను పేదరాలి బిడ్డ మరణించెను. మాధవవర్మ మహారాజు న్యాయము తప్పక తన కుమారునికే మరణశిక్ష విధించెను. అంతట కనకదుర్గమ్మ కనకవర్షము కురిపించెనని ప్రతీతి. ఈ మాధవవర్మ విష్ణుకుండినుడే యని కొందరు తలంచిరి. కాని ఆ వంశమున మాధవవర్మలు ఒక్కరు కారు. ఇతర వంశములందును ఆ పేరు కలదు. ధర్మమునకు రాజైనను లోబడవలెనని చెప్పుటలోనే ఆ కథ గొప్పతనమున్నది. దానికి రాజవంశావళి అతికింపకున్నను దాని విలువ తరుగదు.

ఊహలకు పరీక్ష ఎట్లు జరుగునో చూడుడు. పొలమూరు శాసనమున చంద్రగ్రహణ ప్రస్తావన కలదు. దానిని ఆధారముగా గొని, పదకొండు అశ్వమేధముల మాధవవర్మ 7వ శతాబ్దపు తొలిపాదమున నుండెనని కొందరు చరిత్రకారులు వాదించిరి. పిదప నేటి యాదాద్రి భువనగిరి జిల్లాలోని తుమ్మలగూడెమున, అనగా నాటి ఇంద్రపాలనగరమున, రాగిరేకులు దొరకెను. బి.ఎన్. శాస్త్రిగారు 1965లో వానిని ప్రకటించిరి. అందు విక్రమేంద్రవర్మ బౌద్ధవిహారమునకు చేసిన దానమున్నది. శకవర్షము 488, అనగా క్రీ.శ. 566, అని కాలమును స్పష్టముగా ఉన్నది. చిక్కుళ్ళ శాసనము ప్రకారము ఈ విక్రమేంద్రుడు ఆ మాధవవర్మకు మునిమనుమడు. మునిమనుమడు 566లో రాజ్యమేలుచుండగా ముత్తాత 7వ శతాబ్దమున యజ్ఞములు చేయుట ఎట్లు పొసగును? పొలమూరు మాధవవర్మ ఆతడేనా, వేరొకడా యను చర్చ మిగిలినను, పాతవాదము మాత్రము వెనుకటివలె నిలువజాలదు. ఎందరో శ్రమించి కట్టిన వాదమును ఒక్క సంవత్సరపు సంఖ్య కదలించెను.

ఆ రేకులను దొరకిననాడే కంచరివాని కొలిమిలో కరగించియున్నచో ఏమయ్యెడిది? ఒక చెంబుకు సరిపడు రాగి మిగిలెడిది. ఒక వంశముయొక్క కాలము శాశ్వతముగ మాసిపోయెడిది. బావిగట్టున బట్టలుతుకు రాయిమీదను, గుడి గడపమీదను, పొలము సరిహద్దురాతిమీదను అక్షరములుండవచ్చును. సున్నము పూసినను, ఉలితో చెక్కినను ఆ సాక్షి నోరు మూతపడును. దొరకినచోటు, దొరకిన తీరు, దానితోపాటు లభించిన వస్తువులు వ్రాసియుంచుట వస్తువును కాపాడుటతో సమానము. భూమిలో దొరకిన పది రూపాయలకు మించిన విలువగల నిక్షేపమును కలెక్టరుగారికి తెలియజేయవలెనని 1878 నాటి చట్టము నిర్దేశించినది.

గ్రామ చరిత్రకారునికి పట్టములేకున్నను లోపములేదు. తన ఊరి గట్టు, చెరువు, పొలముల పేర్లు అతనికి తెలిసినట్లు పట్టణ పండితునకు తెలియవు. అతడు చూచినదానిని చూచినట్లును, ఊహించినదానిని ఊహయనియు వేరువేరుగ వ్రాసినచో చాలును. తన ఊహకు విరుద్ధమైన శాసనము దొరకిననాడు ఊహను విడుచు ధైర్యము అతనికుండవలెను.

ఇరువదియైదేండ్లుగా గ్రంథములను భద్రపరచిన ఈ గ్రంథాలయమున, ఇకమీదట గ్రామమందలి రాతలకును ఒక పుస్తకము తెరువబడుగాక! నేటి బాలుడు అందు వ్రాసిన నాలుగు పంక్తులు రేపటి చరిత్రకు ఆధారము కావచ్చును.