గోడ చెప్పిన కథ: బెర్లిన్ నగర కుడ్యచిత్రములు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయ సభలో గోడల ప్రసక్తి యేమిటని కొందరికి తోచవచ్చును. పుస్తకము కొనుటకు డబ్బు లేనివాడు గ్రంథాలయమునకు వచ్చును. తన మాటను అచ్చు వేయించుటకు డబ్బు లేనివాడు ఎక్కడికి పోవును? లోకములో అనేక నగరములందు అట్టివాడు వీధిగోడ యొద్దకు పోయినాడు. కావున గ్రంథము వలెనే గోడయు చదువదగిన వస్తువు. అయితే చదువుటకు ఒక పద్ధతి కావలెను. గోడమీద నున్నదెల్ల కళయే యనుట యెంత పొరపాటో, అది యంతయు అల్లరిపని యనుటయు అంతే పొరపాటు. ఈ వివేచనము నేర్చుకొనుటకు జర్మనీ దేశపు బెర్లిన్ నగరము మంచి పాఠశాల.

గోడమీది బొమ్మ మనవారికి క్రొత్త గాదు. సున్నము కొట్టిన అరుగునకు జాజుపట్టెలు తీర్చు ఇల్లాలికి, వాకిట ముగ్గు పెట్టు పడుచుకు రంగును గీతయు తెలిసినవే. కాని ఆ గోడ తమది, ఆ వాకిలి తమది. నగరపు వీధిచిత్రము సాధారణముగా పరుల గోడమీద నుండును. అందుచేత దానిని చూచునపుడు బొమ్మ బాగున్నదా యని మాత్రమే అడిగిన చాలదు. గోడ యెవరిది? వ్రాసినవాడు ఎవరికొరకు వ్రాసెను? వ్రాసినందుకు అతడు చెల్లించిన వెల యేమి? తుదకు దానిని చెరిపినదెవరు? ఈ నాలుగు ప్రశ్నలు వేసినగాని గోడ తన కథ చెప్పదు.

రెండవ ప్రపంచ యుద్ధము 1945 లో ముగిసిన పిమ్మట గెలిచిన నాలుగు రాజ్యములు బెర్లిన్ నగరమును పంచుకొనెను. తూర్పు భాగము కమ్యూనిస్టు జర్మనీకి రాజధాని యయ్యెను. పడమటి భాగము ఆ దేశము నడుమ ద్వీపము వలె మిగిలెను. తూర్పు ప్రజలు వేలకొలదిగా పడమటికి తరలిపోవుచుండగా, 1961 ఆగస్టు 13 న తూర్పు ప్రభుత్వము సరిహద్దును ముండ్లతీగతో మూసివేసెను. తరువాత తీగ స్థానమున గోడ లేచెను. పడమటి బెర్లిన్ చుట్టు సుమారు 155 కిలోమీటర్ల పొడవున సరిహద్దు బంధము బిగిసెను. దానిని దాటబోయియో, దాని కారణముననో కనీసము 140 మంది ప్రాణములు గోలుపోయిరి.

మొదటి గోడ యిటుకలతోను దిమ్మలతోను తొందరపడి కట్టినది. 1975 మొదలు దాని స్థానమున క్రొత్త రీతి కాంక్రీటు పలకలను నిలిపిరి. వాని యెత్తు 3.6 మీటర్లు. ఎక్కువారి చేతికి పట్టు దొరకకుండ పైన గుండ్రని గొట్టము. ముఖము మిక్కిలి నునుపు. మనుష్యులను ఆపుటకై చేసిన ఆ నునుపే, పడమటివైపున చిత్రకారునికి సిద్ధమైన పలక యయ్యెను. కట్టినవారు తలపని ఉపయోగమిది.

ఇక మొదటి ప్రశ్న: ఆ గోడ యెవరిది? పడమటి పౌరుడు దానిని తాకగలిగినను అది పడమటివారిది కాదు. గోడను సరిహద్దు గీతకు కొంత లోపలగా, తూర్పు నేలమీదనే కట్టిరి. అనగా పడమటివైపున గోడ పాదమున నున్న సన్నని పట్టీ కూడ తూర్పు రాజ్యపు భూమియే. అందు నిలిచి బొమ్మ గీయువాడు పరదేశపు నేలపై నిలిచినట్లే. గోడలో అక్కడక్కడ చిన్న తలుపులుండెడివి. వానినుండి తూర్పు సైనికులు వెలుపలికి వచ్చి అతనిని పట్టుకొనవచ్చును.

తియెరీ నువార్ అను ఫ్రెంచి యువకుడు 1982 లో బెర్లిన్ చేరి, క్రాయిట్స్‌బెర్గ్ పేటలో గోడ ప్రక్కనే నివసించెను. 1984 ఏప్రిల్ లో అతడు ఆ గోడపై రంగులు వేయ నారంభించెను. అతని బొమ్మలు ప్రసిద్ధములు: పెద్ద తల, లావైన పెదవి, ఒక కన్ను, రెండు మూడు పచ్చి రంగులు, అంతే. తొలిచూపునకు పిల్లవాని గీతలవలె నుండును. అయితే సైనికుడు వచ్చులోపల ముగింపవలసిన చిత్రమునకు సన్నని పనితనము కుదరదు. త్వర యనునది అక్కడ శైలి యయ్యెను. కూలివాడు బరువునుబట్టి నడక మార్చుకొనునట్లు, ఆ కళాకారుడు అపాయమునుబట్టి గీత మార్చుకొనెను. గోడను అందగింపజేయుట తన యుద్దేశము గాదని, ప్రాణములు తీయు గోడ యెన్ని రంగులు పూసినను అందము కాజాలదని అతడు తరువాత స్పష్టముగా చెప్పెను.

ఆ భావమునే మరికొందరు తీవ్రముగా చూపిరి. 1986 అక్టోబరులో అమెరికా చిత్రకారుడు కీత్ హేరింగ్, చెక్‌పాయింట్ చార్లీ యను సరిహద్దు ద్వారము దగ్గర, పసుపు రంగు నేపథ్యముపై కాలుసేతులు కలిసి గొలుసుగా సాగు మనుష్యుల రూపములను చిత్రించెను. ఎరుపు, నలుపు, పసుపు జర్మనీ జెండా రంగులు. కొద్ది కాలములోనే ఆ బొమ్మపై ఇతరులు తమ బొమ్మలు వేసిరి. ఆ యేడే నవంబరులో, తూర్పు జర్మనీ నుండి వచ్చిన అయిదుగురు యువకులు ముఖములకు ముసుగులు ధరించి, గోడ వెంబడి చిత్రములన్నిటి మీదుగా ఒక తెల్లని గీతను గీయుచు సాగిరి. ఇన్ని రంగుల చాటున ఇది చెరసాల గోడ యన్న సంగతిని చూచువారు మరచుచున్నారని వారి ఆవేదన. రెండవనాడు గోడలోని తలుపు తెరచుకొనెను. వారిలో ఒకడు పట్టుబడి తూర్పున కారాగార శిక్ష ననుభవించెను. తెల్లని గీత యొక్కటి! దాని వెల ఒక మనుష్యుని స్వేచ్ఛ. బొమ్మ నైపుణ్యము మాత్రమే చూచువారికి ఆ గీతలో ఏమియు కనిపించదు. వెల యెరిగినవారికి అది మరపురాదు.

పడమటి ముఖము ఇట్లు రంగులతో నిండియుండగా, తూర్పు వైపున ఒక్క అక్షరమైన లేదు. అక్కడ గోడ రెండు వరుసలుగా నుండి, నడుమ కావలి బురుజులు, దీపస్తంభములు, గస్తీ బాట యుండెను. పారిపోవువాని యాకారము స్పష్టముగ కనబడుటకై లోపలి గోడకు తెల్లరంగు పూసిరి. తెల్లదనము శుభ్రతకు గుర్తని సామాన్యముగా అందురు. అక్కడ అది భయమునకు గుర్తు. ఒక వీధిలో గోడలు శుభ్రముగా నున్నవన్నంత మాత్రమున అక్కడి ప్రజలు తృప్తిగా నున్నారని నిశ్చయింపరాదు.

1989 నవంబరు 9 రాత్రి సరిహద్దు ద్వారములు తెరచుకొనెను. మరుసటి యేడు, ష్ప్రే నది యొడ్డున మ్యూలెన్ వీధిలో మిగిలిన తూర్పువైపు గోడపై, నిన్నటివరకు ఎవ్వరును దరిచేరలేని ఆ ముఖముపైననే, 21 దేశములకు చెందిన 118 మంది చిత్రకారులు బొమ్మలు వేసిరి. దాని పేరు ఈస్ట్ సైడ్ గ్యాలరీ, అనగా తూర్పువైపు చిత్రశాల. పొడవు సుమారు 1.3 కిలోమీటర్లు. 1990 సెప్టెంబరు 28 న ప్రారంభమయ్యెను. రష్యను చిత్రకారుడు ద్మిత్రీ వ్రూబెల్ అందు సోవియట్ నాయకుడు బ్రెజ్నేవ్, తూర్పు జర్మనీ నాయకుడు హోనెకర్ ముద్దిడుకొనుచున్నట్లు చిత్రించెను. 1979 లో తీసిన ఒక నిజమైన ఛాయాచిత్రము దానికి ఆధారము. బిర్గిట్ కిండర్ అను చిత్రకారిణి, తూర్పు జర్మనీ సామాన్యుల ట్రబాంట్ కారు గోడను చీల్చుకొని వచ్చుచున్నట్లు చిత్రించి, కారు సంఖ్యపలకపై గోడ తెరచుకొన్న తేదీని వ్రాసెను.

ఇంతలో ఒక విచిత్రము జరిగెను. 1991 లో ప్రభుత్వము ఆ చిత్రశాలను రక్షిత స్మారక కట్టడముగా ప్రకటించెను. తిరుగుబాటు చిహ్నము ఇప్పుడు చట్టము కాపాడు ఆస్తి యయ్యెను. ఎండకు, వానకు, బండ్ల పొగకు, పేర్లు గీకు యాత్రికుల చేతులకు బొమ్మలు పాడయ్యెను. 2009 లో పాత పొరలు తొలగించి, అవే బొమ్మలను మరల వేయుడని చిత్రకారులను పిలిచిరి. వ్రూబెల్ మొదలైనవారు వచ్చి మరల చిత్రించిరి. కొందరు నిరాకరించిరి. రెండవసారి గీసినది మొదటిదేనా యను సందేహము నేటికిని తీరలేదు. ఉదయము పెట్టిన ముగ్గు సాయంకాలమునకు చెరిగిపోవుట, మరునాడు మరల పెట్టుట ఎరిగినవారికి ఈ సందేహము బాగుగ అర్థమగును.

గోడ తెగిన పిమ్మట బెర్లిన్‌లో వీధివ్రాత తగ్గలేదు సరికదా, విస్తరిల్లెను. రంగుచిమ్ము డబ్బాతో తమ మారుపేరును వంకరటింకర అక్షరములతో వ్రాయు గ్రాఫిటీ పద్ధతి, 1960 ల చివర ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరములలో ప్రబలి, 1980 లలో బెర్లిన్ చేరినది. తెలియనివారికి అది చదువరాని గజిబిజి. తెలిసినవారికి అది అక్షరశిల్పము: ఒక్కొక్కరికి ఒక్కొక్క వంపు, ఒక్కొక్క విరుపు. అయినను న్యాయము రెండువైపుల చూడవలెను. చిన్న అంగడివాని తలుపుపై రాత్రికి రాత్రి వ్రాసిపోయినచో, తెల్లవారి గోకుకొనవలసినవాడు ఆ బీదవాడే. రాజ్యము కట్టిన గోడను ధిక్కరించుటయు, పొరుగువాని తలుపును పాడుచేయుటయు ఒక్కటి కావు. అనుమతి లేకుండ పరుల ఆస్తి రూపును చెప్పుకోదగినంతగా, శాశ్వతముగ మార్చుట నేరమని 2005 లో జర్మనీ శిక్షాస్మృతిని సవరించిరి. మరొకవైపున, మౌవర్ పార్క్ అను తోటలో మిగిలిన పాతగోడపై ఎవరైనను నిర్భయముగ వ్రాయవచ్చును. అక్కడ ఒకరి బొమ్మపై మరొకరు వేయుచుండుటచే రంగు పొరలు పొరలుగా పేరుకొనినది.

కడపటి ప్రశ్న, చెరిపినదెవరు అనునది, క్రాయిట్స్‌బెర్గ్ పేటలోనే మిక్కిలి బాధాకరముగ వినిపించెను. అది కార్మికులు, తుర్కీ నుండి వచ్చిన వలస కుటుంబములు, చేత డబ్బులేని యువకులు తక్కువ అద్దెలకు నివసించిన పేట. 2007, 2008 సంవత్సరములలో అక్కడి కువ్రీ వీధి యొద్ద ఖాళీస్థలము ప్రక్క ఎత్తైన మేడ గోడలపై, బ్లూ అను మారుపేరు గల ఇటలీ చిత్రకారుడు రెండు మహాచిత్రములు వేసెను. ఒక దానిలో ఒకరి ముసుగు నొకరు తొలగించు రెండు ఆకారములు. రెండవదానిలో మెడపట్టీ కట్టిన తలలేని మనిషి. చేతులకు రెండు బంగారు గడియారములు, ఆ రెంటిని కలుపు గొలుసు, అనగా బేడీలు. ధనమునకు బందీయైన మనిషిని గూర్చిన ఆ బొమ్మను చూచుటకు యాత్రికులు వచ్చిరి. అది నగరపు గుర్తుగా మారెను.

పేటకు పేరు వచ్చినకొలది ఇండ్ల అద్దెలు పెరిగెను. ఖాళీస్థలములో గుడిసెలు వేసికొన్న బీదలను 2014 సెప్టెంబరులో ఖాళీ చేయించిరి. అక్కడ భవనములు కట్టు ఆలోచనలు సాగుచుండెను. ధనమును నిందించిన చిత్రమే ఆ స్థలపు ధరను పెంచు అలంకారముగా మారినదని చిత్రకారునికిని, అతని తోటివారికిని తోచెను. 2014 డిసెంబరులో ఒక రాత్రి, చిత్రకారుని సమ్మతితోనే, ఆ రెండు చిత్రములను నల్లరంగుతో పూర్తిగా కప్పివేసిరి. తెల్లవారి పేటవారు చూచినది నల్లని గోడ.

దీనిని గూర్చి భిన్నాభిప్రాయములు గలవు. ప్రజల కనులకు పండుగయైన బొమ్మను తీసివేయుట అన్యాయమని కొందరు దుఃఖించిరి. దానిని చూచి సంతోషించిన పేటవారిని అడిగినవారెవరని ప్రశ్నించిరి. ఆ ప్రశ్నలో బలము లేకపోలేదు. కాని ఆ నల్లని గోడ కూడ ఒక వ్రాతయే. ఇంటికి అందమిచ్చినవానినే ఇంటినుండి వెళ్లగొట్టునట్టి అందము తనకు వలదని చిత్రకారుడు దానిపై చెప్పుకొనెను.

బెర్లిన్ గోడల వలన తెలియవచ్చునది ఇదియే. వీధిచిత్రము విలువ రంగులో ఎంత కలదో, దాని వెనుకనున్న మనుష్యుల బ్రతుకులో అంతకంటె ఎక్కువ కలదు. కావున ఏ పట్టణమునకు పోయినను గోడను చూచి ఊరక మెచ్చుకొనకయు, ఊరక చీదరించుకొనకయు ఒక్క నిమిషము నిలిచి ఆ నాలుగు ప్రశ్నలు వేయుట మంచి పాఠకుని లక్షణము.

నువార్ వేసిన బొమ్మలలో పెక్కింటిని గోడతోబాటు పగులగొట్టిరి. హేరింగ్ గొలుసు నేడు లేదు. బ్లూ చిత్రములు నలుపు క్రింద అణగిపోయినవి. వానిని నేటివారు చూచుచున్నది ఛాయాచిత్రములలో, పుస్తకములలో. గోడ ధైర్యముగ మాటాడును గాని తన మాటను దాచుకొనలేదు. దాచు పని గ్రంథాలయముది. ఇరువదియైదేండ్లుగా ఈ ఊరి గ్రంథాలయము, డబ్బున్నవాడా లేనివాడా యని చూడక, తలుపు తట్టినవానికెల్ల పుస్తక మందించుచున్నది. ఆ తలుపు ఇకముందును అట్లే తెరచియుండుగాక.